జిగురు మోసే బరువెంత?

తిరునాళ్లలో పసుపుపచ్చ గుళ్ల తుపాకి కొనిపించుకోని పిల్లవాడు అరుదు. నల్లటి ప్లాస్టిక్ పిస్తోలు, చిన్న సంచిలో గుప్పెడు గుళ్లు. గుడి దగ్గర మొదలైన యుద్ధం ఇల్లు చేరేసరికి ముగుస్తుంది. వెనక్కి లాగే స్లైడు చీలిపోతుంది, లేదంటే మీట నొక్కినా 'టప్'మనడం మానేస్తుంది. అప్పుడు పెద్దవాళ్లు చేసే పని ఒకటే. కిరాణా కొట్లో అట్టకు వేలాడే ఫెవిక్విక్ గొట్టం తెప్పిస్తారు. పగులు మీద రెండు చుక్కలు వేసి, వేళ్లు అంటుకోకుండా కాసేపు అదిమిపట్టి, "ఇంద, ఐపోయింది, పో" అని చేతికిస్తారు. తుపాకి రెండుసార్లు పేలుతుంది. మూడోసారి అక్కడే, ఈసారి ఇంకాస్త వెడల్పుగా విరుగుతుంది. "ఏం జిగురో ఏమో" అని గొట్టాన్ని తిట్టి పడేస్తారు.

పాపం, ఆ గొట్టం చేసిన తప్పు తక్కువ. జిగురు విరిగినదానికి ఆకారం తిరిగి ఇస్తుంది. బలం మాత్రం అన్నిచోట్లా ఇవ్వదు. ఆ భాగం ఏం మోస్తోంది, ఏ ప్లాస్టిక్‌తో చేశారు అన్న రెండు ప్రశ్నలు వేసుకోకుండా అతికినవాడిదే అసలు పొరపాటు. ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాళ్లు ఎయిర్‌సాఫ్ట్ ఆటగాళ్లు.

ఎయిర్‌సాఫ్ట్ అంటే తిరునాళ్ల తుపాకికి జపాన్‌లో ఉన్న పెద్దన్న. ఆ దేశంలో మామూలు పౌరుడు పిస్తోలు ఉంచుకోవడానికి వీల్లేదు. 1971లో చట్టం మార్చి, లోహంతో చేసిన నమూనా పిస్తోళ్లకు తెలుపో పసుపో రంగు వేయాలని, గొట్టం మూసేయాలని కట్టడి చేశారు. సరదా తీరని జనానికి బొమ్మల తయారీదార్లు ప్లాస్టిక్ తుపాకులు అందించారు. వాటిలోంచి గాలి ఒత్తిడితో 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు వెళుతుంది. 1991లో టోక్యో మరుయి సంస్థ ఫ్రెంచి సైన్యం అప్పట్లో వాడిన ఫామాస్ రైఫిల్ పోలికతో, బ్యాటరీతో నడిచే తుపాకిని తెచ్చింది. లోపల చిన్న మోటారు, మూడు గేర్లు, ఒక పిస్టన్, ఒక స్ప్రింగు. అక్కణ్నుంచి ఇది పెద్దల వారాంతపు ఆటైంది. కళ్లకు అద్దాలు కట్టుకుని, అడవుల్లో, పాత భవనాల్లో రెండు జట్లుగా ఆడతారు. జపాన్ నుంచి హాంకాంగ్, తైవాన్, ఐరోపా, అమెరికాలకు పాకింది.

2006లో జపాన్ మళ్లీ చట్టం మార్చింది. గుండు శక్తి దాని అడ్డుకోత మీద చదరపు సెంటీమీటరుకు 3.5 జౌళ్లు దాటకూడదంది. 6 మిల్లీమీటర్ల గుండుకు లెక్క కడితే ఒక జౌలుకు పిసరంత తక్కువ. నూరు గ్రాముల సబ్బుబిళ్ల మీటరు ఎత్తు నుంచి చేజారి నేలమీద పడితే ఎంత శక్తో దాదాపు అంతే. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. అదే శక్తి శనగగింజంత గుండులో చేరి కంటికి తగిలితే చూపు పోతుంది. ఆ హద్దు దాటిన తుపాకిని దగ్గర ఉంచుకోవడమే అక్కడ నేరం.

బయటికి వెళ్లే శక్తి చిన్నదే, లోపల జరిగే కొట్లాట పెద్దది. గేర్లు స్ప్రింగును వెనక్కి లాగి వదులుతాయి, పిస్టన్ దూసుకెళ్లి సిలిండర్ ముందు గోడను ఢీకొంటుంది. ఆటోమేటిక్‌లో ఇది సెకనుకు పదిహేను సార్లు జరగడం మామూలు. సాయంత్రం దాకా ఆడితే ఆ గోడ తినే దెబ్బలు వేలల్లో ఉంటాయి. అందుకే గేర్‌బాక్సు పెట్టె సాధారణంగా ముందువైపే పగులుతుంది, అదీ లంబకోణం మూలల దగ్గర. అనుభవమున్నవాళ్లు ఆ మూలలను ముందే ఆకురాయితో గుండ్రంగా అరగదీస్తారు. సిలిండర్ తలకు మెత్తటి రబ్బరు బిళ్ల అతికించి దెబ్బను తగ్గిస్తారు. ఆ రబ్బరు బిళ్లను పట్టి ఉంచేది మన ఫెవిక్విక్ జాతి జిగురే. పగిలిన పెట్టెను అతకలేని జిగురు, పగలకుండా కాపాడే బిళ్లను మాత్రం చక్కగా పట్టుకుంటుంది. నొక్కుడు దానికి పడుతుంది, పీకుడు పడదు.

ఈ జిగురు పుట్టుకకీ తుపాకికీ పాత చుట్టరికం ఉంది. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ రసాయన శాస్త్రవేత్త హ్యారీ కూవర్, తుపాకి గురిచూసే సాధనానికి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతున్నాడు. సయనోఅక్రిలేట్ అనే పదార్థం చేతికొచ్చింది. తగిలినదానికల్లా అంటుకుపోయి విసిగించింది. పనికిరాదని పక్కన పెట్టారు. తొమ్మిదేళ్ల తర్వాత, 1951లో, జెట్ విమానం పైకప్పుకు పనికొచ్చే ప్లాస్టిక్ కోసం చేసిన పరీక్షల్లో అదే పదార్థం ఒక ఖరీదైన పరికరం గాజు పట్టకాలను అతికేసింది. విసుగు తెప్పించిన గుణమే సరుకని అప్పుడు తట్టింది. 1958లో ఈస్ట్‌మన్ 910 పేరుతో బజారుకొచ్చింది. తుపాకి భాగం కాలేకపోయిన పదార్థం ఇప్పుడు తుపాకి బొమ్మలకు కట్టు కడుతోంది.

దీని స్వభావం తెలిస్తే సగం పని అయినట్టే. ఇది ఆరిపోయి గట్టిపడే జిగురు కాదు. గాలిలో, వస్తువు ఒంటి మీద ఉండే పిసరు తేమ తగలగానే గట్టిపడుతుంది. పలచటి పొరగా ఉంటేనే దాని సత్తా. రెండు ముక్కలు ఒకదానికొకటి సరిగ్గా కూర్చుని, మధ్య సందు లేకపోతే బాగా పడుతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ బలమన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన భ్రమ. అరచెంచా పోసి, పక్కలకు కారి, తెల్లటి బూజులాంటి మరక మిగిలిన అతుకు ఒక్క చుక్క వేసినదానికన్నా ముందే ఊడుతుంది. గట్టిపడ్డాక గాజులాగా పెళుసు కూడా. గోడకంటించిన స్టిక్కర్‌ను పక్కకు జరపబోతే కదలదు, అంచున గోరు పెట్టి ఎత్తితే వచ్చేస్తుంది. ఈ జిగురుదీ అదే తీరు. పక్కలాగుడుకు మొనగాడు, అంచు లేపుడుకూ సుత్తిదెబ్బకూ పిరికివాడు.

సందు ఎక్కువుంటే కొందరు వంటసోడా చల్లి దానిమీద జిగురు వేస్తారు. క్షణంలో రాయిలా గడ్డకడుతుంది. చిట్కా మంచిదే కాని వేడి పుడుతుంది, ఘాటైన ఆవిరి లేస్తుంది. కిటికీ తెరిచి, ముఖం దూరంగా పెట్టుకుని చేయాల్సిన పని. దూదితోనో నూలుబట్టతోనో తుడవబోతే ఇంకా ప్రమాదం, చర్మం కాలేంత వేడి వస్తుంది.

ఇక రెండో ప్రశ్న, ఏ ప్లాస్టిక్?

ఎయిర్‌సాఫ్ట్ తుపాకి పైతొడుగులు చాలావాటికి ఏబీఎస్ వాడతారు. పిల్లల లెగో ఇటుకలదీ ఇదే జాతి. అతికేవాడికి ఇంతకన్నా మంచి స్నేహితుడు లేడు. ఎసిటోన్ తగిలితే కరుగుతుంది. కాబట్టి విరిగిన అంచులకు కొద్దిగా ఎసిటోన్ రాసి కలిపి నొక్కితే రెండూ కరిగి ఒకటైపోతాయి. అది అతుకు కూడా కాదు, ప్లాస్టిక్‌కు ప్లాస్టికే వెల్డింగు. పనికిరాని ఏబీఎస్ ముక్కల్ని ఎసిటోన్‌లో నానబెట్టి, జావలా చేసి, పగుళ్లు పూడ్చేవాళ్లూ ఉన్నారు. నిప్పు దగ్గర మాత్రం ఎసిటోన్ సీసా మూత తీయకూడదు. ఖరీదైన నమూనాల్లో మడమకు, పిడికి గాజుపోగులు కలిపిన నైలాన్ వాడతారు. దాన్ని ఎసిటోన్ ఏమీ చేయలేదు. అక్కడ రెండు గొట్టాల ఎపాక్సీయే దిక్కు, మనం అరాల్డైట్ అనే పేరుతో ఎరిగినది. లోపల జారుతూ కదిలే చిన్న భాగాలకు వాడే పాలీఎసిటాల్ ఇంకా మొండి. ఇక పాలీప్రొపిలీన్ మీద జిగురు తామరాకు మీద నీటిబొట్టే. ముందుగా దాని కోసమే చేసిన ప్రైమర్ పూస్తే తప్ప పట్టుదొరకదు.

ఏది ఏదో తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. విరిగిన చిన్న ముక్కను గ్లాసెడు నీళ్లలో వేస్తే, తేలితే పాలిథిన్ లేదా పాలీప్రొపిలీన్. మునిగితే కనబడని మూలన గోళ్ల రంగు తుడిచే ఎసిటోన్ బొట్టు రాసి చూడాలి. జిడ్డుగా మెత్తబడితే చాలావరకు ఏబీఎస్. మెత్తబడకపోతే నైలానో, పాలీఎసిటాలో. బాధ్యత గల తయారీదార్లు భాగం లోపలివైపు ఈ పేరును చిన్న అక్షరాల్లో అచ్చుపోస్తారు. మిక్సీ మూత మీద, వాషింగ్ మెషీన్ ముక్కల మీద కూడా వెతికితే కనిపిస్తుంది.

తుపాకులకే ప్రత్యేకమైన శత్రువు ఇంకొకటుంది, సిలికాన్ నూనె. గాలి జారకుండా, రబ్బరు ఎండిపోకుండా లోపలంతా అదే పూస్తారు. బ్యాటరీకి బదులు గ్యాసు ఒత్తిడితో పనిచేసే తుపాకుల్లో అది గ్యాసుతో కలిసి ప్రతి పేలుడుకూ కాస్త బయటికి చిమ్ముతుంది. కంటికి పొడిగా కనిపించే ముక్క మీద కూడా ఆ పొర ఉంటుంది. దానిమీద ఎంత మంచి జిగురు వేసినా నూనెను అతికినట్టే. ముందు సబ్బునీళ్లు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఆపైన ఎమరీ కాగితంతో గరుకు చేయడం, మళ్లీ ఒకసారి తుడవడం. అతకడంలో మూడొంతులు ఈ పనే. జిగురు వేయడం ఆఖరి అరనిమిషం. మన ఇళ్లలో ఆ అరనిమిషమే మొత్తం పని అనుకుంటారు.

పగులు ఇంకా పూర్తిగా విడిపోకపోతే, దాని కొస దగ్గర సన్నటి రంధ్రం తొలచడం మంచి పద్ధతి. పగులు ముందుకు పాకకుండా అది అడ్డుకుంటుంది. విమానాల మరమ్మతులోనూ ఈ ఉపాయం ఉంది. పూర్తిగా విరిగితే రెండు ముక్కల్లోనూ రంధ్రాలు వేసి, మధ్య ఇనుప తీగె ముక్క దూర్చి, ఎపాక్సీతో నింపితే బరువు తీగె మోస్తుంది, జిగురు తీగెను పట్టుకుంటుంది. మడమ, ముందుపిడి, బ్యాటరీ మూత, మ్యాగజైన్ పైతొడుగు లాంటివన్నీ ఇలా ఏళ్ల తరబడి నిలబడతాయి. తొందరపడి అవతల పారేయడం దుబారా.

కదిలే భాగాల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. గ్యాస్ పిస్తోలు స్లైడు ప్రతి పేలుడుకూ వెనక్కెళ్లి ఆగుడు దెబ్బ తింటుంది. జపాన్ తుపాకుల్లో అది ప్లాస్టిక్. హెచ్‌ఎఫ్‌సీ 134ఏ అనే గ్యాసుకు తగ్గట్టు చేసింది. 20 డిగ్రీల దగ్గర ఆ గ్యాసు ఒత్తిడి సుమారు 5.7 బార్లు. ఇతర దేశాల్లో గ్రీన్ గ్యాస్ పేరుతో అమ్మేది దాదాపుగా ప్రొపేనే, దాని ఒత్తిడి అదే వేడి దగ్గర 8 బార్లు దాటుతుంది. ఎక్కువ జోరు కోసం దాన్ని నింపి, స్లైడు చీలాక జిగురు గొట్టం తీసేవాళ్లున్నారు. అలా అతికిన స్లైడు ఊడితే వెనక్కే ఊడుతుంది, వెనక ఉండేది కాల్చేవాడి ముఖం. గ్యాసు నిలవుండే మ్యాగజైన్ కవాటానికీ, పగిలిన గేర్‌బాక్సుకూ, పిస్టన్ పళ్లకూ ఇదే వర్తిస్తుంది. అమెరికాలో జేబీ వెల్డ్ అనే ఉక్కుపొడి కలిపిన ఎపాక్సీ మీద భక్తి ఎక్కువ. ఆ భక్తి కూడా సెకనుకు పదిహేను దెబ్బల ముందు నిలవదు. అక్కడ అతకడం ఆదా కాదు, కొత్త భాగం కొనాల్సిందే.

జపాన్ పేరు, అతుకు పేరు ఒకేచోట వస్తే కింత్సుగి గురించి రాయకుండా ఉండలేరు చాలామంది. పగిలిన పింగాణీ గిన్నెను చెట్టు పాలతో చేసే లాకర్‌తో అతికి, ఆ గీతల మీద బంగారం అద్దే కళ అది. అందమైనదే. కాని ఆ గిన్నెలో టీ తాగుతారు, దానితో మేకులు కొట్టరు. మనకు దగ్గరి పాఠం కొండపల్లిలో ఉంది. తెల్లపొణికి కర్రతో చేతులు, కాళ్లు, తలపాగా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అక్కడ అతుకు మరమ్మతు కాదు, బొమ్మ పుట్టుకలోనే ఉంది. ఆ కర్ర తేలిక, బొమ్మ షెల్ఫులో నిలబడేది. మోసే బరువుకు తగ్గ జిగురు, జిగురుకు తగ్గ బరువు. ఆ లెక్క చూసుకున్నారు కాబట్టే పండుగ పండుగకూ బొమ్మల కొలువులోకి దింపినా అతుకు కదలదు.

తుపాకి బొమ్మ మరమ్మతులో బలంతో సంబంధం లేని భాగం ఒకటుంది. దాన్ని గురించే ఎక్కువ చెప్పాలి. అమెరికాలో 1989 నుంచి తుపాకి బొమ్మల గొట్టం కొసన నారింజ రంగు గుర్తు ఉండాలని చట్టం. అది శాశ్వతంగా అమర్చినదై ఉండాలని కూడా అందులో ఉంది. ఆచరణలో చాలా బొమ్మలకు అది బిగించిన ప్లాస్టిక్ ముక్కే.

2014 నవంబరు 22న ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో ఒక పార్కు దగ్గర పన్నెండేళ్ల నల్లజాతి పిల్లవాడు టమీర్ రైస్ ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో ఆడుకుంటున్నాడు. అది కోల్ట్ పిస్తోలు నమూనా. కొసన నారింజ ముక్క లేదు. బొమ్మ ఇచ్చిన స్నేహితుడు, పాడైతే బాగుచేద్దామని దాన్ని విప్పాడనీ, తిరిగి బిగించేటప్పుడు ఆ ముక్క పెట్టలేకపోయాడనీ తర్వాతి విచారణలో తేలింది. అటుగా వచ్చిన ఒకాయన పోలీసులకు ఫోన్ చేస్తూ, తుపాకి నకిలీ కావచ్చు, పిల్లవాడే కావచ్చు అని చెప్పాడు. ఆ మాట వెళ్లిన పోలీసులకు అందలేదు. కారు ఆగిన రెండు సెకన్లలోపే ఒక పోలీసు కాల్చాడు. పిల్లవాడు మరునాడు చనిపోయాడు. గ్రాండ్ జ్యూరీ ఎవరిమీదా కేసు పెట్టలేదు. 2016లో నగరం ఆ కుటుంబానికి 60 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

ఈ చావును నారింజ ముక్క ఖాతాలో రాయడం అన్యాయం. అందని సమాచారం, ఆగని వేలు, నల్లజాతి పిల్లల్ని ఆ దేశపు పోలీసులు చూసే చూపు, అన్నీ అందులో ఉన్నాయి. రంగు ముక్క ఉన్నంత మాత్రాన ప్రాణం నిలిచేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా ఒక పిల్లవాడు బొమ్మ విప్పి, బాగుచేసుకుని, ఒక్క ముక్క మాత్రం తిరిగి పెట్టలేకపోవడం తప్పు కాదు. విప్పితే ఊడిపోయేలా ఆ ముక్కను చేయడం తప్పు. శాశ్వతం అని చట్టం అన్నాక అది గొట్టంతో కలిపి ఒకే పోతగా రావాలి. పెద్దల్లో కొందరు అసలైనదిలా కనిపించాలని దాన్ని కావాలనే పీకేస్తారు. ఆ సరదాకు ఏ సమర్థనా లేదు.

మన దగ్గర 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. గుళ్లు విసిరే బొమ్మలు ఎంత శక్తితో విసరవచ్చో ఆ ప్రమాణాల్లో హద్దులున్నాయి. తిరునాళ్లలో కొనేముందు ఆ ముద్ర కోసం చూసేవాళ్లు ఎందరు? ముద్ర ఉన్న బొమ్మకైనా విడిభాగాలు దొరకవు. జపాన్ తుపాకితో వచ్చే పుస్తకంలో ప్రతి మరకూ ఒక నంబరు, భాగాలన్నీ విడదీసి చూపే పటం ఉంటాయి. మన బొమ్మ పెట్టెలో ఉండేది రంగుల అట్ట. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, వాహనాలు అందులో ఉన్నాయి. ఆటబొమ్మల్ని తలచుకోలేదు. ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా విరిగేవి, అన్నిటికన్నా తొందరగా చెత్తబుట్ట చేరేవి అవే. ఆ జాబితాలో వాటినీ చేర్చాలి. ప్రతి ప్లాస్టిక్ భాగం మీద దాని పేరు అచ్చుపోయాలి. పది రూపాయల స్ప్రింగు, ఇరవై రూపాయల మీట విడిగా అమ్మాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు, సైకిల్ షాపువాడు ఎప్పటినుంచో చేస్తున్న పనే.

అప్పటిదాకా గొట్టమే గతి అనుకుంటే, వాడేముందు నీళ్ల గ్లాసు పరీక్ష చేయండి, జిడ్డు కడగండి, ఒక్క చుక్కతో ఆగండి. రంగు ముక్క ఊడితే మిగతావాటికన్నా ముందు దాన్ని అతికించండి. ఫెవిక్విక్ పట్టేది నిమిషంలోనే అయినా పూర్తి బలానికి రావడానికి 24 గంటలు పడుతుంది. ఆదివారం సాయంత్రం అతికిన తుపాకిని సోమవారం సాయంత్రం దాకా పిల్లవాడి చేతికివ్వకండి.